గజం పన్నా, అరవై అడుగుల కథ

కులకథలు చెప్పే కూనపులివారు నేతపని చేసే పద్మశాలీల ఎదుట విప్పే మార్కండేయ పురాణం బొమ్మల పటం వెడల్పు సుమారు 3 అడుగులు, అంటే గజం. పొడవుకు అలాంటి కట్టడి లేదు. 30 అడుగుల పటాలున్నాయి, 60 అడుగులకు చేరినవీ ఉన్నాయి. ఇంత పొడవైన బొమ్మను ఈనాటి పుటల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో ఒకే పుట మీద, అసలు కొలతతో పెట్టబోతే అది ఒప్పుకోదు. కొలత మరీ పెద్దదంటూ పని ఆపేస్తుంది. ఇది కంప్యూటర్లు వచ్చాక పుట్టిన చిక్కని చాలామంది అనుకుంటారు. బొమ్మ కొలతకు హద్దు ఏ కాలంలోనూ లేకపోలేదు. కరీంనగర్, ఆదిలాబాద్ సీమల్లో బొమ్మతో బతికిన పనివాళ్ళు శతాబ్దాలుగా ఆ హద్దుతోనే పని నడిపించారు. వాళ్ళకూ మనకూ ఉన్న తేడా ఒక్కటే అని నా వాదన. వాళ్ళు కుంచె పట్టకముందే హద్దును లెక్కలోకి తీసుకున్నారు. మనం బొమ్మ పూర్తయ్యాక, అచ్చుకు పంపేటప్పుడు, యంత్రం కాదన్నాక దాని గురించి ఆలోచిస్తున్నాం. అందువల్ల మనం పోగొట్టుకుంటున్నది కథను చదివే వరస.

పటాలు గీసేది నకాషీలు. వాళ్ళ పేరు చెప్పగానే ఇప్పుడు గుర్తొచ్చే ఊరు చేర్యాల. అది పాత వరంగల్ జిల్లాలో ఉండేది, 2016 జిల్లాల పునర్విభజనలో సిద్దిపేటకు వచ్చింది. గీసే ఇళ్ళు కొన్నే అయినా ఆ పటాలు తిరిగిన నేల చాలా పెద్దది. ముదిరాజుల కోసం కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివారు, చాకలివారికి మడేలు పురాణం చెప్పే పటంవారు, మంగలివారికి అద్దపువారు ఉన్నారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు మాత్రం పటానికి బదులు బొమ్మలు పేర్చి కథ నడుపుతారు. ఒక్కో బృందానికి మిరాశీ ఊళ్ళుంటాయి, అంటే కథ చెప్పే వంశపారంపర్య హక్కున్న ఊళ్ళు. ఆ ఊళ్ళకు పటాన్ని భుజాన వేసుకుని పోవాలి, రాత్రుల తరబడి విప్పాలి, చుట్టాలి, మళ్ళీ ఇంకో ఊరికి ఎత్తుకుపోవాలి. సిరిసిల్ల మొదలు మెట్‌పల్లి దాకా సాలెల మగ్గాలు నిండిన పాత కరీంనగర్ జిల్లా కూనపులివారి కథకు సహజమైన చోటు. ఈ పటాలను ఏరి, భద్రపరిచి, వాటి గురించి రాసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు జగదీశ్ మిత్తల్‌ది. దేవాలయ శిల్పానికీ ఆస్థాన చిత్రానికీ మాత్రమే పండితులు విలువ కట్టే రోజుల్లో కులకథల పటాలనూ కళాఖండాలుగా చూడడం చిన్న విషయం కాదు.

ఇక ఆ గజం వెడల్పు ఎక్కడిదో చూద్దాం. పటానికి వాడేది చేనేత ముతక గుడ్డ. గుంట మగ్గంలో కూర్చున్న నేతగాడు ఒక చేత్తో నాడె విసిరి రెండో చేత్తో అందుకోవాలి. పడుగు దారాల మధ్య నాడె దూరిపోయే ఆ దూరం అతని చేతులు హాయిగా అందుకునే దూరానికి మించితే నేత సాగదు. అందుకే చేతితో నాడె విసిరే మగ్గం మీద గుడ్డ పన్నా గజం, గజం పైన కాస్త. తాడు లాగితే పరుగెత్తే నాడెను 1733లో ఇంగ్లండ్‌లో జాన్ కే కనిపెట్టాడు. మన ఊళ్ళ మగ్గాలకు అది బాగా అలవాటైంది 20వ శతాబ్దంలోనే. దానితో పన్నా పెరిగింది. అయితే పటం పద్ధతి అప్పటికే స్థిరపడిపోయి ఉంది. పడుగు సంగతి వేరు. దాన్ని వీధి పొడవునా సాగదీసి గంజి పెడతారు, దోనెకు చుట్టి కావలసినంత నేస్తారు. వెడల్పును మనిషి చేయి నిర్ణయిస్తే, పొడవును నేతగాడి ఓపిక నిర్ణయించింది. పద్మశాలీల కథలో భావనారుషి తామర తూడుల నారతో మొదటి వస్త్రం నేసి దేవతల మానం కాపాడతాడు. ఆ కథను గీసింది గుడ్డ మీద, విన్నది గుడ్డ నేసినవాళ్ళు. ఆ పటం వెడల్పు ఎందుకంతో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది, దానికి బలమూ ఉంది. గుడ్డను పక్కపక్కన కుడితే ఎంత వెడల్పైనా వస్తుంది కదా? శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు దేవాలయాలకు పెద్ద పెద్ద తెరలు వేశారు కదా? మగ్గం పన్నాయే హద్దయితే వాళ్ళు దాన్నెలా దాటారు? నిజమే, కుట్టుకోవచ్చు. అయితే కలంకారీలో రంగు దారంలోకి ఇంకుతుంది. నకాషీ పటంలో రంగు గుడ్డ మీద వేసిన పూత పైన నిలుస్తుంది. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మబంక కలిపి గుడ్డకు పూతలు పట్టించి, ఆరబెట్టి, నునుపు చేశాకే గీత మొదలవుతుంది. అలాంటి పూత నిలువు కుట్టు మీద పడితే, పటాన్ని చుట్టినప్పుడల్లా కుట్టు పొడవునా చిట్లుతుంది. పైగా దేవాలయపు తెర ఉన్నచోటే ఉంటుంది. పటం నడుస్తుంది. 6 అడుగుల వెడల్పున్న చుట్టను ఒక మనిషి భుజాన వేసుకుని పొలంగట్ల మీద పోలేడు, రెండు గుంజల మధ్య కట్టి ఒక్కడే విప్పుతూ కథ చెప్పలేడు. నకాషీలు గజం దగ్గర ఆగింది అంతకు మించి చేతకాక కాదు. మగ్గం, పూత, భుజం, కథకుడి చేయి, ఈ నాలుగూ కలిసే కొలత అదే కాబట్టి అక్కడ ఆగారు. హద్దును పైనుంచి వచ్చి పడిన అడ్డంకి అనుకోకుండా, ఎంచుకున్న కొలతగా చూస్తేనే ఆ పనిలోని తెలివి కనిపిస్తుంది.

ఆ తెలివి అసలు బయటపడేది పట్టీల్లో. పటం పైనుంచి కిందికి అడ్డపట్టీలుగా విడిపోయి ఉంటుంది. మొదట గణపతి, దేవతలు. ఆ తర్వాత ఒక్కో పట్టీలో కథలోని ఒక ఘట్టం, ఒక్కోచోట రెండు మూడు ఘట్టాలు పక్కపక్కన. ఎర్రటి నేల మీద నిలబడ్డ మనుషులు, వాళ్ళ వెనుక దూరం చూపించే దృశ్యం ఉండదు. ఎవరు ముఖ్యులో వాళ్ళు పెద్దగా ఉంటారు. పట్టీకీ పట్టీకీ మధ్య పూల అంచు నడుస్తుంది. ఈ అంచు చూపుకు అందాన్నిస్తుంది, నిజమే. దాని అసలు ఉద్యోగం వేరు. బొమ్మ ఎక్కడ తెగవచ్చో అది చెబుతుంది. కథకుడు పటాన్ని ఆ అంచు దాకానే విప్పుతాడు, ఘట్టం ముగిశాక ఆ అంచు నుంచే చుడతాడు. ఏ క్షణంలో చూసినా జనం ఎదుట ఉన్నది పూర్తి బొమ్మే. సగం తెగిన ముఖం గానీ, కాళ్ళు లేని గుర్రం గానీ కనబడదు. కాగడా వెలుగులో, తర్వాతి రోజుల్లో పెట్రోమాక్స్ వెలుగులో, పది పదిహేను అడుగుల దూరాన కూర్చున్నవాడు ముఖాన్ని గుర్తుపట్టాలంటే మనిషి బొమ్మ ఇంత పెద్దది ఉండాలని గీసినవాడికి తెలుసు. కాబట్టి 60 అడుగుల కథలో ఒక్క బొమ్మ కూడా పొడవు మిగుల్చుకోవడానికని చిక్కిపోలేదు. కథ పెరిగితే పట్టీలు పెరిగాయి, మనిషి బొమ్మ కొలత మారలేదు. నా దృష్టిలో పటం కనిపెట్టిన గొప్ప సూత్రం ఇదే.

గోదావరి దాటి నిర్మల్‌కు వెళ్తే అదే వృత్తికి మరో కొస కనబడుతుంది. అక్కడి నకాషీ పనివాళ్ళు ఒకప్పుడు గంజీఫా అనే పేకాట ఆకులు గీసేవారు. మొఘల్ పద్ధతి గంజీఫా కట్టలో 8 రంగులు, ఒక్కోదానికి 12 ఆకుల చొప్పున 96. దశావతార గంజీఫాలో 120. అరచేతిలో ఇమిడే గుండ్రటి ఆకు మీద మత్స్యావతారమో వామనుడో కూర్చోవాలి, ఆటగాడు చేతిలో విసనకర్రలా పట్టుకున్నప్పుడు అంచు చూసే గుర్తుపట్టాలి. 60 అడుగుల పటాన్ని చిన్నదిగా చేస్తే గంజీఫా ఆకు రాదు. ఆకు కొలతకు తగ్గట్టు బొమ్మను మళ్ళీ ఆలోచించుకోవాలి: ఎన్ని ఆయుధాలు ఉంచాలి, ఏ గీత వదిలెయ్యాలి, రంగు ఎంత భారం మోయాలి. ఆట పోయింది, ఆ పనీ పోయింది. పొనికి చెక్కతో చేసే నిర్మల్ బొమ్మలూ, నల్లటి నేల మీద బంగారు వన్నె మెరిసే నిర్మల్ చిత్రాలూ మిగిలాయి. పొనికి తేలికైన మెత్తటి కర్ర. అందులోంచి వచ్చే కాయ, పండు, పక్షి ఎంత ఉండాలో చెట్టు మొద్దు చెప్పేది. చిత్రాలకు పలక కావాలి గనక పలక దొరికే కొలతే చిత్రం కొలత అయింది. ప్లైవుడ్ వచ్చాక 8 అడుగులకు 4 అడుగుల షీటును భాగాలుగా కోసుకోవడం దేశమంతటా చెక్కపనికి మామూలైంది, బొమ్మ పలకకూ అదే దారి. చేతి కొలత పోయి కార్ఖానా కొలత రావడం అక్కడ మొదలైంది. అయినా గీసేవాడికి పలక ముందే తెలుసు, దాన్ని చూసుకునే గీశాడు.

ఈ వరస అచ్చు యంత్రం దగ్గర తెగిందని చెప్పడం తేలిక, కానీ అది సరికాదు. అక్షరాలను చేత్తో పేర్చిన కాలంలో బొమ్మ అంటే జింకు రేకు మీద చెక్కిన బ్లాకు, దాన్ని చెక్క దిమ్మకు బిగించి అక్షరాల ఎత్తుకు సరిచేసేవారు. బ్లాకు చేయించడానికి చదరపు అంగుళానికి ఇంత అని ధర. దాంతో సంపాదకుడు ముందే తేల్చుకోవాలి: సింగిల్ కాలమా, డబుల్ కాలమా, అసలు ఈ బొమ్మ అవసరమా? కాలం వెడల్పు కదలదు, ఎత్తు మాత్రం వార్త బరువును బట్టి పెరుగుతుంది. పటం పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఆఫ్‌సెట్ వచ్చాక బ్లాకు ఖర్చు పోయింది, ఫొటో చవకైంది. 1989లో ఈనాడు జిల్లాకొక చిన్న పత్రికను జత చేసినప్పటి నుంచి పెద్ద పుటలో సగం కొలతగల కాగితం మీద కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్ళ ముఖాలు రోజూ అచ్చవడం మొదలైంది. సగం పుటలో పెద్ద బొమ్మకు చోటు లేదు. పది మంది నిలబడ్డ సభ ఫొటో వేలెడంత అయ్యింది. చవకైన కొద్దీ బొమ్మను చిన్నది చేసి ఇరికించడం అలవాటైంది. కంప్యూటర్ ఆ అలవాటును పుట్టించలేదు, దానికి మీట ఒకటి అమర్చి ఇచ్చింది. మూలను పట్టుకుని లాగితే చాలు, ఎంత బొమ్మైనా ఎంతలోనైనా దూరుతుంది.

అయితే ఆ మీట కూడా ఒకచోట మొరాయిస్తుంది. ఎందుకో తెలుసుకోవడం ఈ చరిత్రకు అవసరం. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1978 ప్రాంతంలో పుస్తకాల కూర్పు కోసం టెక్ అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. గణితం, విజ్ఞానశాస్త్రం అచ్చువేసేవాళ్ళు ప్రపంచమంతటా ఇప్పటికీ వాడుతున్నది అదే. 1990ల తొలినాళ్ళలో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు దాన్ని తెలుగు లిపికి మలిచారు. యూనికోడ్ ఫాంట్లను నేరుగా చదివే జీటెక్ 2004లో వచ్చాక తెలుగు పుస్తకం కూర్చడం ఇంకా సులువైంది. టెక్ కొలతలన్నీ పూర్ణసంఖ్యలు. ఒక పాయింటును 65,536 భాగాలు చేసి, ఆ సూక్ష్మభాగాన్నే ప్రమాణంగా తీసుకుంటుంది. కంటికి కనిపించే వెలుగు తరంగం కంటే ఎన్నో రెట్లు చిన్నదది. లెక్కలో పొరపాటు జరిగినా కన్ను పట్టలేనంత సూక్ష్మం. ఏ కంప్యూటర్ మీద కూర్చినా అదే పుట, అదే విరుపు రావాలన్నది నూత్ పట్టుదల. ఆ పట్టుదలకు మూల్యం పై హద్దు. ఆ సూక్ష్మభాగాలను 32 బిట్ల గదిలో పెట్టి, కూడిక లేక తీసివేత గుర్తుకు ఒక బిట్టు, రెండు కొలతలు కలిపినప్పుడు పొంగకుండా ఇంకో బిట్టు వదిలితే, 16,384 పాయింట్ల దగ్గర హద్దు పడుతుంది. అడుగుల్లో చెబితే దాదాపు 18.9. మగ్గం దగ్గర చేయి చేసిన పనిని ఇక్కడ ఆ గది చేస్తోంది. పీడీఎఫ్ పాత పద్ధతిలో పుట హద్దు 200 అంగుళాలు, అంటే 16 అడుగుల 8 అంగుళాలు. పుటలు కూర్చే మరో సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌డిజైన్‌లో 216 అంగుళాలు, సరిగ్గా 18 అడుగులు. పుస్తకానికీ పత్రికకూ ఇవి కావలసినదానికంటే ఎక్కువే. 60 అడుగుల పటానికి మాత్రం ఏ ఒక్కటీ చాలదు, దేనిలోనైనా నాలుగు ముక్కలు చేయాల్సిందే.

పుటల కూర్పు పని చేసేవాళ్ళకు ఇంతకంటే తరచుగా ఎదురయ్యే చిక్కు వేరే ఉంది. నాకు అదే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. పటం ఫొటోను 10 అంగుళాల ఎత్తుకు కుదించి పెట్టమని అడిగినా సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు కొలత పెద్దదని ఆగిపోతుంది. పది అంగుళాలు పెద్దదెలా అవుతుంది? కుదించే ముందు అది బొమ్మ సహజ కొలత ఎంతో చూస్తుంది కనుక. ఫొటో ఫైలులో ఉండేవి పిక్సెళ్ళు. అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళో ఫైలులో రాసి లేకపోతే, టెక్ కుటుంబంలోని పీడీఎఫ్‌టెక్ అంగుళానికి 72 అని అనుకుంటుంది. ఆ లెక్కన 16,300 పిక్సెళ్ళు దాటిన బొమ్మ సహజ కొలతలోనే హద్దు మీరుతుంది, కుదింపు దాకా పని రాదు. ఫైలులో అంగుళానికి 300 అని ఒక్క సంఖ్య సరిగా రాస్తే అదే బొమ్మ 54 అంగుళాలై నిశ్శబ్దంగా దూరుతుంది. ఈ చిన్న సంగతి వెనుక పెద్ద సంగతి ఉంది. ఫొటో తీసిన మరుక్షణం పటం తన అసలు కొలతను పోగొట్టుకుంటుంది. గుడ్డ మీద ఉన్నప్పుడు దానికి గజం వెడల్పు ఉంది, ముఖానికి ఇంత అని కొలత ఉంది. ఫొటోలో అది చుక్కల లెక్క మాత్రమే. ఎవరో ఒకరు మళ్ళీ కొలత రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే యంత్రం తనకు తోచింది అనుకుంటుంది.

60 అడుగుల పటాన్ని సరిగా ఫొటో తీయాలంటే ఎంత అవుతుందో లెక్కగట్టవచ్చు. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున వెడల్పు 10,800, పొడవు 2,16,000. మొత్తం 233 కోట్ల పిక్సెళ్ళు. రంగులతో కలిపి దాదాపు 700 కోట్ల బైట్లు, సుమారు 7 గిగాబైట్లు. జేపెగ్ ఫైలు ఒక దిక్కున 65,535 పిక్సెళ్ళు దాటలేదు. మామూలు టిఫ్ ఫైలు 4 గిగాబైట్ల దగ్గర ఆగుతుంది. ఫొటోషాప్ సాధారణ ఫైలుకు హద్దు 30,000 పిక్సెళ్ళు. పెద్ద ఫైళ్ళకని తర్వాత వేరే రూపాలు వచ్చిన మాట నిజం. పీడీఎఫ్ కూడా 1.6 నుంచి పుట ప్రమాణాన్నే గుణించుకునే వీలు ఇచ్చింది, దానితో పుట కిలోమీటర్ల దాకా పోవచ్చు. హద్దులను దాటే ఉపాయాలు ఇన్ని ఉన్నాయి గనక సమస్య తీరినట్టేనని ఒకరు అనవచ్చు. తీరలేదు. పెద్ద ఫైలు తయారైనా, అచ్చు కాగితం పెద్దది కాదు, తెర పెద్దది కాదు, చూసే కన్ను మారదు. ఎక్కడో ఒకచోట పటం తెగాలి. దాన్ని యంత్రానికి వదిలేస్తే సరిసమానమైన గళ్ళుగా కోస్తుంది, భావనారుషి తల ఒక గడిలో, చేతిలోని నాడె ఇంకో గడిలో పడతాయి. నకాషీ గీసిన పూల అంచు ఎక్కడుందో దానికి తెలియదు.

కుదింపు మీద నాకున్న అభ్యంతరానికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని పక్కన పెట్టలేను. కథ చెప్పించుకునే కులాలు తగ్గి, సినిమా, ఆ తర్వాత టీవీ వచ్చి, మిరాశీ ఊళ్ళు పిలవడం మానేశాక, కొత్త పటం గీయించుకునే కథకులు చాలా అరుదైపోయారు. చేర్యాల కుటుంబాలు నిలిచింది గోడకు తగిలించే చిన్న చిత్రాలూ, ముఖాలూ అమ్మడం వల్లే. చిన్న కొలతే ఆ వృత్తిని బతికించింది కదా, దాన్ని నష్టమంటావా? అనను. ఒక పట్టీని మాత్రం తీసుకుని, దాని కొలతకు తగ్గట్టు మళ్ళీ గీసిన చిత్రం తెగే చోట తెగిన బొమ్మే, నిర్మల్‌లో గంజీఫా ఆకు గీసినవాడు చేసిన పనికి అది కొనసాగింపు. నా అభ్యంతరం పుస్తకాల్లో, పత్రికల్లో, ప్రదర్శనల కరపత్రాల్లో కనిపించే అలవాటు మీద. మొత్తం పటాన్ని చూపించాలన్న తాపత్రయంతో 60 అడుగులను 9 అంగుళాల నిలువు గీతగా అచ్చువేస్తారు. 80 రెట్లు తగ్గిన ఆ బొమ్మ వెడల్పు అరంగుళం కూడా ఉండదు. అందులో ఎర్రటి మరక తప్ప ఏమీ కనబడదు, చదువరి పటాన్ని చూశాననుకుని పుట తిప్పుతాడు. గీసిన మనిషి ఏ బొమ్మనూ చిన్నది కానివ్వకుండా కాపాడుకున్న కొలతను మనం పుట అలంకారం కోసం ఒక్క మీటతో తీసేస్తున్నాం.

తెర మీద పెద్దది చేసి చూసుకోవచ్చు కదా, అచ్చు గొడవ ఎందుకు అంటే, పెద్దది చేయడం వేరు, వరస వేరు. పెద్దది చేసుకుంటూ పోయేవాడు తనకు నచ్చిన మూల చూస్తాడు. పటం అలా చూడడానికి గీసింది కాదు, ముందేమిటి వెనకేమిటి అన్నది దానికి ప్రాణం. కథకుడు విప్పనిదే తర్వాతి పట్టీ జనానికి తెలియకూడదు. అయితే చేతిలో ఫోను విషయంలో ఈ వాదన తిరగబడుతుందని ఒప్పుకోవాలి. ఫోను తెరకు వెడల్పు స్థిరం, కిందికి పొడవు ఎంతైనా. గజం పన్నాకు సరిపోయే ఆకారం కార్ఖానాలు చేసిన కాగితం కంటే ఫోనుకే ఎక్కువ ఉంది. పట్టీ తర్వాత పట్టీ, పూల అంచు దగ్గర ఆగుతూ, వెడల్పు తెరంతా నిండేలా పెడితే, దాదాపు కూనపులివారు విప్పిన పద్ధతిలోనే కథ నడుస్తుంది. దూరం మాత్రం పోతుంది. పదిహేను అడుగుల అవతల, నలుగురి మధ్య కూర్చుని చూసే చూపు ఒంటరి అరచేతిలోకి వస్తుంది. ఆ నష్టాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చదు, నేను పూడ్చగలనని చెప్పను.

కాబట్టి పటాలను ఫొటో తీసేవాళ్ళూ, పుస్తకంగా కూర్చేవాళ్ళూ చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. ప్రతి పట్టీనీ విడిగా తీయాలి, పైనా కిందా పూల అంచు పూర్తిగా పడేలా, పక్క పట్టీ కొంచెం కలిసేలా. గుడ్డ పక్కన కొలబద్ద పెట్టి తీస్తే అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళో తేలుతుంది, దాన్ని ఫైలులోనే రాసిపెట్టాలి. ఒక్కో పట్టీ అడుగో అడుగున్నరో ఎత్తు ఉంటుంది గనక ఏ కూర్పు సాఫ్ట్‌వేర్ హద్దుకూ దగ్గరగా కూడా పోదు. 300 పిక్సెళ్ళ చొప్పున తీసినా 10,800కు 5,400, ఇప్పటి యంత్రాలకు అది మామూలు బొమ్మ. పుస్తకంలో పుటకొక పట్టీ, పుట వెడల్పంతా. పుట ఎత్తు మిగిలితే ఆ ఘట్టం కథ కింద అచ్చువేయాలి, అదీ కథకుడు చెప్పిన మాటల్లో, చెప్పిన యాసలో. ఒక పట్టీలో రెండు మూడు ఘట్టాలున్నచోట బొమ్మను కోయకుండా ఎదురెదురు పుటల మీద పరచాలి, కుట్టు దగ్గర ముఖం పడకుండా జరుపుకోవాలి. పటం మొత్తం ఎలా ఉంటుందో చూపించాలనుకుంటే మడతల కాగితం ఒకటి చివర జత చేయవచ్చు, దాని కింద ఎన్ని రెట్లు తగ్గించారో సంఖ్య వేయాలి. ఇలా కూర్చిన పుస్తకానికి పుటలు పెరుగుతాయి, ఖర్చవుతుంది. గ్రంథాలయాలూ, విశ్వవిద్యాలయాలూ, సాంస్కృతిక శాఖా ఒక్కో పటానికి ఒక్కో పుస్తకం చొప్పున భరించలేనంత ఖర్చు మాత్రం కాదు. గుడ్డ చిట్లి, పూత రాలి, వాడలేని స్థితికి వచ్చిన పాత పటాలను నీళ్ళలో వదిలే ఆచారం కథకుల్లో ఉంది. అలా పోకముందు దొరికిన వాటితోనే ఈ పని మొదలుపెట్టాలి.